ముందు స్క్రీన్ చూడుండ్రి, డబ్బా సంగతి తర్వాత

జర ఆగుండ్రి! గంగారంల చిన్న ఆఫీసు తెరుస్తున్నరట, రెండు సిస్టమ్‌లు కొంటున్నరట, రేపో ఎల్లుండో నర్సంపేట పోతున్నరట. ఊరంత తెలిసింది గని నాకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు. ఇదేమన్న న్యాయమా? కంప్యూటర్లు కొనే ముచ్చటంటే నేను అన్నం పక్కకు పెట్టి కూసుంటనని మీకు తెలవదా? గోడ మీద చెయ్యి పెట్టి నిలబడుండ్రి, చాయ్ తెప్పిస్త.

ఏం కొందామనుకుంటున్నరు? "ఐ5" అంటరు. నాకు తెలుసు. ఎవరినడిగినా ముందుగాల అదే మాట. తర్వాత "ర్యామ్ ఇంత, హార్డ్ డిస్క్ అంత" అని వేళ్లు మడుస్తరు. మరి మానిటర్? "ఏదో ఒకటి ఇస్తడు లే!" అగో, ఆ మాట వింటే నా పానం ఆగదు. ఏదో ఒకటేంది? పొద్దున తొమ్మిదింటి నుంచి మాపటి ఏడింటి దాకా మీరు చూసేది దాన్నే గదా! ప్రాసెసర్‌ను ఎవరు చూసిండ్రు? డబ్బా లోపల, ఫ్యాన్ కింద, పేస్ట్ పూసుకొని పండుకుంటది. మీ కండ్లు, మీ మెడ, మీ దగ్గరికి వచ్చేటోళ్ల నమ్మకం, ఇవన్ని ఆనేది మానిటర్ మీద.

అందుకే నేను కొనుడు తలకిందులు చేయమంట. ముందు మానిటర్ ఖాయం చేసుకోవాలె. మిగిలిన పైసలతోని డబ్బా. దుకాణపోళ్లు ఉల్టా చెప్తరు, చెప్పనియ్యుండ్రి.

ఎందుకంటరా? హైదరాబాద్ ఆఫీసుల ఒక మానిటర్‌ను ఒక్క మనిషి చూస్తడు. మన దగ్గర అట్ల నడుస్తదా? కుల సర్టిఫికెట్‌కు ఒక పెద్దాయన వస్తడు. ఆయన వెంట కొడుకు. కొడుకు వెంట బామ్మర్ది. టేబుల్‌కు ఎదురుంగ కుర్చీ వేసినా కూసోరు. ముగ్గురు చుట్టూ తిరిగొచ్చి మీ భుజాల మీదికెల్లి తొంగి చూస్తరు. చూడొద్దంటరా? అట్లెట్ల! పేరు వాళ్లది, భూమి వాళ్లది. పూనెం అన్న ఇంటిపేరుల ఒక ఎత్వం పోయినా, ఈసం అన్న దగ్గర ఒక సున్న ఎగిరిపోయినా, అది సరి చేయించుకునేటానికి ఎన్ని తిరుగుళ్లో వాళ్లకు తెలుసు. 2011 నవంబర్ల మీసేవ వచ్చింది. 2020 అక్టోబర్ 29న భూముల రికార్డులకు ధరణి మొదలైంది. 2025 ఏప్రిల్ 14న దాని జాగల భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారుతది గని భుజం మీదికెల్లి చూసే చూపు మారదు. మారొద్దు గూడ.

ఇగ అసలు కథ ఇక్కడ. మానిటర్ల లోపల ప్యానెల్ అని ఒకటి ఉంటది. చౌకగ, పాతగ దొరికేవాటిల్ల చాలామటుకు టీఎన్ ప్యానెల్. ఎదురుంగ కూసున్న మీకు మంచిగనే కనపడతది. జర పక్కకు జరిగితే రంగులు పాలిపోతయి. కింది నుంచి చూస్తే నల్లబడతది. అంటే పక్కన నిలబడ్డ పెద్దాయనకు తన పేరే సరిగ కనపడదు! ఐపీఎస్ ప్యానెల్ అట్ల కాదు. 178 డిగ్రీలని అట్టపెట్టె మీద రాస్తరు. ఆ అంకె దుకాణపు లెక్కనే అనుకోండి, కని ఏ పక్కకెల్లి చూసినా అక్షరం అక్షరంలెక్కనే ఉంటది. వీఏ అని ఇంకోటి ఉంది. నలుపు మస్తు నల్లగ చూపిస్తది, సినిమాకు బాగుంటది. పక్కకెల్లి చూస్తే ఐపీఎస్ అంత నిలకడ ఉండదు. మన ఆఫీసుకు ఐపీఎస్‌నే. ఈ ఒక్క మాట చిట్టి మీద రాసి జేబుల పెట్టుకోండి, మిగతావి మర్చిపోయినా పర్వాలేదు.

దుకాణంల ఎట్ల చూస్తరు? వాళ్లు ఏం జేస్తరంటే, సముద్రంల రంగురంగుల చాపల వీడియో పెడతరు. చాపలు ఏ మానిటర్ల అయినా అందంగనే ఉంటయి! మీరు ఆఫీసుల చాపలు చూస్తరా? "అన్నా, జర నోట్‌ప్యాడ్ తెరువు, తెలుగుల కొట్టు" అనాలె. ఏం కొట్టాలె? రాష్ట్రం. స్త్రీ. లక్ష్మి. వస్త్రాల దుకాణం. మీ ఊరి పేరు, మీ తాత పేరు. అక్షరాల సైజు పదకొండు, పన్నెండు పెట్టమనుండ్రి. ఇప్పుడు లేచి నిలబడి చూడుండ్రి. పక్కకు జరిగి చూడుండ్రి. రెండడుగులు ఎనక్కు పోయి చూడుండ్రి. దుకాణపాయన నవ్వుతడు, నవ్వనియ్యుండ్రి. పైసలు మీయి.

మన అక్షరం ఇంగ్లీషు అక్షరం లెక్క గీత మీద బుద్ధిగ కూసునే రకం కాదు గదా. నెత్తి మీద తలకట్టు, గుడి. పక్కన కొమ్ము. కింద ఒత్తు. ఒత్తు కింద ఇంకో ఒత్తు. 'ష్ట్ర' చూడుండ్రి, మూడంతస్తులు! ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే అదే ఎత్తుల మనం ఇంత సరుకు ఇరికించాలె. చుక్కలు తక్కువున్న స్క్రీన్ల అవి ఒకదాన్లకు ఒకటి కలిసిపోతయి. ప, ఫ, ష, స మధ్యల తేడా ఎంత? ఒక చిన్న గీత, ఒక చిన్న పొట్ట. ఆ గీతకు ఒక చుక్కైనా దొరకాలె గదా నిలబడేటానికి.

చుక్కలంటే పిక్సెళ్లే. పాత 18.5 అంగుళాల మానిటర్లు ఇంక ఎన్నో ఆఫీసులల్ల ఉన్నయి. వాటికి అడ్డం 1366, నిలువు 768. గుణిస్తే 10 లక్షల 49 వేల పైచిలుకు. ఇప్పటి ఫుల్ హెచ్‌డీకి 1920, 1080. అంటే 20 లక్షల 73 వేల 600. దగ్గర దగ్గర రెండింతలు! అందుల నిలువుగ ఉండే 1080నే మన తెలుగుకు అసలు ఆస్తి. ఒత్తులకు జాగ దొరికేది అక్కడనే.

తెలుగు కంప్యూటర్ల ఇట్ల హాయిగ కూసునేటానికి ఎంత కాలం పట్టిందో తెలుసా? యూనికోడ్ మొదటి కూర్పు 1991ల వచ్చింది, మన అక్షరాలకు అందుల అప్పుడే చోటు దొరికింది. కని మామూలు మనిషి సిస్టమ్‌ల తెలుగు అక్షరాలు కనపడాలంటే ఇంకో పదేండ్లు ఆగాల్సి వచ్చింది. 2001ల విండోస్ ఎక్స్‌పీతోని గౌతమి ఫాంట్ వచ్చింది. ఆ నడుమ కాలమంత అను ఫాంట్లు, పేజ్‌మేకర్, డీటీపీ సెంటర్లు. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, పరీక్ష పేపర్లు అన్ని అందులనే. ఇప్పటికీ శుభలేఖ కొట్టేటోళ్ల దగ్గరికి పోతే అనునే నడుస్తది, అందమైన అక్షరాలు దాంట్ల ఉన్నయి మరి. ఆ డీటీపీ ఆపరేటర్లు చిన్న డబ్బా మానిటర్ల మీద కండ్లు చికిలించి ఒత్తులు సరి చేసిండ్రు. ఆళ్ల కండ్లకు దండం పెట్టాలె.

ఎటో పోయిన. సైజు ముచ్చట చెప్పాలె. ఇది నాకు అన్నింటికన్న ఇష్టమైన లెక్క, జర ఓపిక పట్టుండ్రి.

మానిటర్ అంగుళాలను మూల నుంచి మూలకు కొలుస్తరు. 24 అని అమ్మేది చాలామటుకు 23.8 ఉంటది. దాన్ని పొడుగు వెడల్పులకు మారిస్తే ఎంతొస్తదో తెలుసా? ఎత్తు 29.6 సెంటీమీటర్లు. అడ్డం 52.7. ఇప్పుడు ఏ4 కాయితం తీయుండ్రి. ఎత్తు 29.7, అడ్డం 21. చూసిండ్రా! కాయితం ఎంత ఎత్తో స్క్రీన్ అంత ఎత్తు. రెండు ఏ4 కాయితాలు పక్కపక్కన అసలు సైజుల పెట్టినా ఇంక పది సెంటీమీటర్ల జాగ మిగులుతది. పైన మెనూలు, కింద టాస్క్‌బార్ జర తింటయి, తిననియ్యుండ్రి. ఒక పక్క స్కాన్ చేసిన పాత కాయితం, ఇంకో పక్క నింపే అప్లికేషన్. కండ్లు ఇటు అటు తిప్పుడే, కిటికీలు మార్చుడు లేదు. ఈ లెక్క దొరికిన రోజు నేను స్కేలు పట్టుకొని ఇంట్ల ఉన్నవన్ని కొలిచిన.

"మరి 27 అయితే ఇంక పెద్దగ ఉంటది గదా?" అంటరు. ఉంటది. కని అవే 1920, 1080 చుక్కలను 27 అంగుళాలకు సాగదీస్తే ఒక్కో చుక్క 0.27 మిల్లీమీటర్ల నుంచి 0.31కి ఉబ్బుతది. మీటరు దూరంల సినిమాకు ఏం కాదు. మోచేతి దూరంల 'ష్ట్ర' చూస్తే మెట్లు మెట్లుగ కనపడతది. 27 కావాలంటే 2560, 1440 ఉన్నదే తీసుకోవాలె. దాని ధర వేరు. చిన్న ఆఫీసుకు 24, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్. ఏడెనిమిది వేల నుంచి పది వేల లోపల దొరుకుతది. కండ్లద్దాలు పెట్టుకునేటోళ్లు కూసుంటే విండోస్‌ల స్కేల్ 125 శాతం పెట్టుండ్రి, క్లియర్‌టైప్ సెట్టింగ్ ఒకసారి నడిపియ్యుండ్రి. రెండు నిమిషాల పని, ఎవ్వరు చేయరు!

హెర్ట్జ్ అని ఒకటి చెప్తరు. 60, 75, 100, 144. ఆటలాడే పిలగాండ్లకు 144 కావాలె. మీకు 75 చాలు, 100 అదే ధరకొస్తే తీసుకోండి, ఎక్సెల్ పైకి కిందికి జరిపేటప్పుడు హాయిగుంటది. అంతే, అక్కడితోని ఆ ముచ్చట బంద్.

దానికన్న స్టాండ్ ముఖ్యం. పైకి కిందికి జరిగే స్టాండ్ ఉంటే మెడ బతుకుతది. జరగని స్టాండయితే కింద పీట వేయాలె, స్క్రీన్ పై అంచు మీ కండ్లకు సమంగ రావాలె. ఎనక నాలుగు మరల రంధ్రాలు ఉన్నయా చూడుండ్రి, 100 మిల్లీమీటర్ల చతురస్రం. ఆ రంధ్రాలుంటే గోడకు బిగించొచ్చు, చిన్న డబ్బాను దాని ఎనకనే తగిలించొచ్చు. కొన్నింటిని నిలువుగ గూడ తిప్పొచ్చు. పొడుగు రిజిస్టర్ల పని ఉన్నోళ్లకు అది పండుగే.

మెరిసే అద్దం లాంటి స్క్రీన్ వద్దే వద్దు. మన ఆఫీసులు రోడ్డు మొకాన ఉంటయి, షట్టర్ లేపితే వెలుగంత లోపలికి వస్తది. మెరిసే స్క్రీన్ల మీకు బజారంత కనపడతది, ఫైల్ మాత్రం కనపడదు. మ్యాట్ ఉండాలె. టేబుల్ గూడ షట్టర్‌కు ఎదురుంగ వద్దు, వీపు పెట్టి వద్దు. వెలుగు పక్క నుంచి రావాలె. ఇగ వానకాలం మాపటేళ లైటు వేస్తే ఉసిళ్లు ఎట్ల వస్తయో మీకు నేను చెప్పాల్నా? తలుపు దగ్గర ఒక బల్బు వేసి లోపల లైటు తగ్గిస్తే అవి ఆడనే ఆగుతయి. స్క్రీన్ మీద వాలినవాటిని చేతితోని రుద్దొద్దు, మెత్తటి పొడి బట్టతోని విదిలియ్యుండ్రి. కొబ్బరినూనె చేతులతోని స్క్రీన్ మీద వేలు పెట్టి "ఇగో ఇదే నా సర్వే నంబర్" అని చూపించేటోళ్లను ఏం చేయలేం. ఆ వేలు చూస్తే నాకు ప్రేమనే పుడతది.

సరే, ఇప్పుడు డబ్బా.

ఆల్ ఇన్ వన్ అని ఒకటి చూపిస్తరు. స్క్రీన్ ఎనకనే అంతా ఉంటది, వైర్లు తక్కువ, చూసేటానికి ముద్దుగ ఉంటది. హనుమకొండల పెట్టుకోండి, గంగారంల వద్దు. స్క్రీన్ చెడితే సిస్టమ్ మొత్తం పోతది, సిస్టమ్ చెడితే స్క్రీన్ గూడ సంచిల కూసొని రిపేరుకు పోతది. విడివిడిగ ఉంటే ఒకటి చెడినా రెండోదాంతోని పని నడిపిస్తరు. మనది అడవి ఊరు. కొత్తగూడ నుంచి విడిపడి 2016ల మండలమైంది, అయినా మెకానిక్ ఇంటి పక్కన ఉండడు గదా. పాకాల అడవి దాటి ఆయన రావాలె, లేకుంటే మీరే డబ్బా నెత్తిన పెట్టుకొని బస్సెక్కాలె. అందుకే ఏ ముక్కకు ఆ ముక్క విడిగ ఊడేదే మనకు మేలు.

మినీ డబ్బాలున్నయి, అరచేతి మీద పట్టేటివి. నాకు అవి బాగ నచ్చుతయి. ఇంటెల్ ఎన్100 అని 2023 మొదట్ల వచ్చిన చిప్ ఉంది, నాలుగు కోర్లు, 6 వాట్ల లెక్కల చేసింది. మీసేవ ఫారాలు, ఎక్సెల్, పీడీఎఫ్, యూట్యూబ్‌కు సాఫీగ నడుస్తది. వేడి తక్కువ, చప్పుడు తక్కువ, లోపలికి దుమ్ము గుంజుకునుడు తక్కువ. పత్తి తీసే కాలంల పెద్ద డబ్బా మూత తీసి చూసిండ్రా ఎప్పుడన్న? ఫ్యాన్ల పత్తి నూగుతోని ఒక పరుపు కుట్టొచ్చు. పెద్ద డబ్బాను నేల మీద పెట్టొద్దని అందుకే చెప్తున్న. ఎనక ఖాళీ రంధ్రాలకు రేకు బిళ్లలు బిగించాలె, లేకుంటే బల్లి కాపురం పెడతది. నవ్వకుండ్రి! బల్లి పవర్ సప్లైల పడితే దానికి చావు, మీకు ఖర్చు.

సెకండ్ హ్యాండ్? భేషుగ్గ తీసుకోవచ్చు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి దించేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ డబ్బాలు సికింద్రాబాద్ పార్క్‌లేన్ల, చెనాయ్ ట్రేడ్ సెంటర్ల గుట్టలు గుట్టలుగ ఉంటయి. గట్టి సరుకు. ఆఫీసుల కోసమే చేసినయి, మూత తీసేటానికి స్క్రూ డ్రైవర్ గూడ అక్కర్లేనివి ఎన్నో. అక్కడికి పోతే నాకు రెండు గంటలు ఊరికెనే గడుస్తయి, కొనేది ఏం లేకున్నా.

కని ఒక్క ఉచ్చు ఉంది, దాంట్ల పడకుండ్రి. "ఐ7 ఇస్తున్న, ఇంత చౌక ఎవడిస్తడు?" అంటరు. ఏ ఐ7? దాని ఎనక ఉన్న అంకె చదువుండ్రి. 3770 అంటే మూడో తరం, 2012 నాటిది. 2022ల వచ్చిన ఐ3 12100 దానికన్న సుమారు రెండింతల పని చేస్తది! ఐ తర్వాత అంకెకు మురిసిపోవద్దు, గీత తర్వాత అంకె చూడాలె. కనీసం ఎనిమిదో తరం, అంటే 8100, 8500 లాంటివి. ఎందుకంటే విండోస్ 11 అధికారికంగ ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ఎక్కుతది, టీపీఎం 2.0 చిప్ గూడ అడుగుతది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోని మామూలు అప్‌డేట్లు ఆగిపోయినయి. జనం ఆధార్ కాయితాలు, బ్యాంకు పాస్‌బుక్కులు తెచ్చి మీ చేతుల పెడతరు. తాళం లేని ఇంట్ల వాటిని పెడతరా?

సెకండ్ హ్యాండ్ డబ్బాకు ఎనక చూడుండ్రి, హెచ్‌డీఎంఐ లేకుండ డిస్‌ప్లే పోర్ట్ మాత్రమే ఉన్నయి చాలా ఉంటయి. దానికి తగ్గ కేబుల్ అక్కడనే తీసుకోండి. ఇంటికొచ్చినాక "కేబుల్ పట్టలేదు" అని మళ్ల బస్సెక్కుడు ఎందుకు? నీలం రంగు వీజీఏ వైరు ఇస్తే వద్దనుండ్రి. అది పాత పద్ధతి, అక్షరం అంచులు పల్చబడతయి. ఇంత చేసి మంచి స్క్రీన్ కొన్నదే ఒత్తుల కోసం గదా!

ఎస్‌ఎస్‌డీ తప్పకుండ ఉండాలె. తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు వంద, నూటయాభై ఎంబీలు చదువుతది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ ఐదువందల దాక పోతది, ఎన్‌వీఎంఈ అయితే వేలల్ల. 256 జీబీ చాలు. పాత హార్డ్ డిస్క్ ఉంటే పడేయకుండ్రి, బ్యాకప్‌కు పెట్టుకోండి.

ర్యామ్ 8 జీబీ కంటే తక్కువ వద్దు, పైసలుంటే 16. ఇప్పుడు కొంచెం మండుతున్నది దాని ధర. 2025 రెండో సగం నుంచి ఎగబాకుడు మొదలైంది. ప్రపంచంల మెమరీ చిప్పులల్ల ఎక్కువ భాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ఈ మూడు కంపెనీలే చేస్తయి. ఏఐ డేటా సెంటర్ల కోసం ఆ సరుకును అటు మళ్లించిండ్రు. ఎక్కడి అమెరికా డేటా సెంటర్, ఎక్కడి గంగారం షట్టర్! అందుకే ఇంట్ల మూలకు పాత సిస్టమ్ ఉంటే దాంట్ల ర్యామ్ ముక్క ఏ రకమో ఒకసారి చూసుకోండి. డీడీఆర్4 అయితే కొత్తదాంట్ల పనికి రావచ్చు.

పాత సిస్టమ్‌లంటే గుర్తొచ్చింది. కంప్యూటర్లంటే అమెరికా నుంచే దిగినయని పిలగాండ్లు అనుకుంటరు. మన హైదరాబాద్‌ల ఈసీఐఎల్ 1967ల పెట్టిండ్రు, డాక్టర్ ఏ.ఎస్.రావు గారి చేతుల మీదుగ. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, టీడీసీ 12 అని 1969ల వచ్చింది, 12 బిట్ల యంత్రం. తర్వాత 312, 316 అని తమ్ముండ్లు వచ్చిండ్రు. ఏఎస్‌రావు నగర్ అని బస్సు మీద బోర్డు చూస్తరు గదా, ఆ రావు గారే ఈయన. పార్క్‌లేన్‌కు పోయినప్పుడు ఈసీఐఎల్ బస్సు కనపడితే నా మనసుల ఒక నమస్కారం పోతది. సికింద్రాబాద్ దుకాణాల కన్న ముందే ఆ ఊర్ల కంప్యూటర్లు చేసిండ్రు!

ఇగ కరెంటు. ఇది మర్చిపోతే పైన చెప్పినదంత దండుగ. మన తీగలు అడవులల్ల నుంచి వస్తయి. 2024 ఆగస్టు 31న పక్కన తాడ్వాయి అడవిల ఈదురుగాలికి వేల చెట్లు కూలినయి, గుర్తుందా? అంత పెద్ద గాలి అక్కర్లేదు, ఒక్క కొమ్మ చాలు మనకు మాపటి దాక కరెంటు పోనీకె.

600 వీఏ యూపీఎస్ అంటే 360 వాట్ల దాక మోస్తది. కని ఎంతసేపు? లోపల బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్. గుణిస్తే 84. అంటే పెద్ద డబ్బా, మానిటర్ కలిపి 80 వాట్లు తింటే కాయితం మీద గంట, నిజానికి అందుల సగం గూడ రాదు. మినీ డబ్బా, 20 వాట్ల మానిటర్ అయితే సంగతే మారిపోతది, ఫారం నింపి, ఫీజు కట్టి, రసీదు సేవ్ చేసుకునేంత టైం దొరుకుతది. పాత 17 అంగుళాల డబ్బా మానిటర్ ఒక్కటే 70, 80 వాట్లు మింగేది! రసీదు ప్రింట్? ఆగాలె. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు పెట్టొద్దు. వేడెక్కేటప్పుడు అది వందల వాట్లు గుంజుతది, యూపీఎస్ ఊకె అరుస్తది. ప్రింటర్ గోడ ప్లగ్గుకే.

ఎర్తింగ్ ఉన్నదా మీ గదికి? డబ్బా మూత ముట్టుకుంటే చేతికి జివ్వుమంటే లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గుంత తవ్వియ్యుండ్రి, ఉప్పు, బొగ్గు వేసి, ఎండకాలం నీళ్లు పోస్తుండాలె. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకుతరు, మంచిదే. మరి ఇంటర్‌నెట్ వైరో? రాగి వైరుంటే అది గూడ పీకాలె. పిడుగు ఆ దారిల వచ్చి మదర్‌బోర్డును ముట్టుకుంటది.

ఇప్పుడు నా మనసుల ఉన్న అసలు కోరిక చెప్త. మీరు రెండు సిస్టమ్‌లకు రెండు మానిటర్లు అనుకుంటున్నరు గదా. మూడు కొనుండ్రి.

మూడోది ఎవరికి? ఎదురుంగ కూసునే పెద్దాయనకు! ముందు టేబుల్ మీద మీ మానిటర్ ఇటు, ఇంకోటి అటు మొకం పెట్టి ఉండాలె. విండోస్ బటన్, పీ కలిపి నొక్కి డూప్లికేట్ అంటే మీకు కనపడేదే ఆయనకూ కనపడతది. మీ భుజం మీద ఒరుగుడు ఉండదు. ఆయన కుర్చీల తీరుబడిగ కూసొని, కండ్లద్దాలు సర్దుకొని చదువుకుంటడు. "అయ్యా, మా నాయిన పేరుల 'య్య' ఒత్తు లేదు" అని ఫీజు కట్టకముందే చెప్తడు. ఒక్క సారి అట్ల చెప్తే ఆయనకు ఎంత తిరుగుడు తప్పిందో లెక్క వేసుకోండి. మేడారం జాతర ఏడాది పగిడిద్దరాజు ఊరు పూనుగొండ్లకు వచ్చిపోయేటోళ్లతోని మన తొవ్వలన్ని ఎట్ల నిండుతయో ఎరుకే గదా. జనం అట్ల కమ్ముకున్న రోజు గూడ మీ టేబుల్ దగ్గర గుంపు ఉండదు, వరుస ఉంటది.

దీనికి రెండు జాగ్రత్తలు. మూడోదాన్ని పాత 1366ది తెచ్చి పెడితే, డూప్లికేట్ చేసినప్పుడు మీ మంచి స్క్రీన్ గూడ దాని స్థాయికి దిగొచ్చు. కాబట్టి అది గూడ 1920, 1080దే ఉండాలె. సైజు చిన్నదైతే ఏం కాదు, 22 చాలు. డబ్బాకు రెండు డిస్‌ప్లే రంధ్రాలు ఉండాలె, కొనేముందే చూసుకోండి. ఇంకోటి, ఒకరి కాయితం ఇంకొకరికి కనపడొద్దు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు, ముందటాయన ఆధార్ తెరిచి ఉన్నప్పుడు ఆ స్క్రీన్‌ను విండోస్‌లనే బంద్ చేయాలె. అలవాటైతే వేలు దానంతట అదే పోతది.

బిల్లు తప్పకుండ తీసుకోండి. 18 శాతం జీఎస్టీ ఎట్లాగూ కడుతున్నరు. మీకు జీఎస్టీ నంబర్ ఉంటే బిల్లు మీద వేయించుకోండి, లేకుంటే కట్టిన పన్ను లెక్కల వెనక్కి రాదు. ఆన్‌సైట్ వారంటీ మూడేండ్లు అంటరు. "మా పిన్‌కోడ్‌కు మనిషి వస్తడా?" అని నిలదీసి అడుగుండ్రి. హనుమకొండ దాకనే వస్తడంటే అది మనకు ఆన్‌సైట్ కాదు, ఆఫ్‌సైట్. మానిటర్‌ను దుకాణంలనే తెల్ల తెర పెట్టి ఒకసారి, నల్ల తెర పెట్టి ఒకసారి చూడుండ్రి, చచ్చిన చుక్కలుంటే ఆడనే దొరికిపోతయి. ఇంటికి తెచ్చినాక ఒకటి రెండు చుక్కలకు చాలా కంపెనీలు మార్చియ్యవు. అట్టపెట్టె పారేయకుండ్రి, థర్మకోల్ గూడ. మనకు రిపేర్ అంటే బస్సు టాప్ ప్రయాణం.

చాయ్ చల్లారింది, తాగుండ్రి. అవునూ, అసలు ముచ్చట అడగనే లేదు. తెలుగు మీరు ఎట్ల కొడతరు? ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అయ్యే పద్ధతా, ఇన్‌స్క్రిప్టా? ఇన్‌స్క్రిప్ట్‌ల అచ్చులు ఎడమ చేతికి, హల్లులు చాలామటుకు కుడి చేతికి పంచిండ్రు, తబలా వాయించినట్టు రెండు చేతులు వంతులు వేసుకుంటయి. మీరు రెండో టేబుల్‌కు పెట్టుకునే పిల్లకు ఏది వస్తదో కనుక్కున్నరా? కనుక్కోకుండనే కీబోర్డ్ కొంటరా? కూసోండ్రి, కూసోండ్రి, ఇంకో చాయ్ చెప్త.